మోకాలు ఎంత వంగింది? లెక్క చెప్పేవాళ్లు కావాలి!

ఆపరేషన్ తర్వాత రోగి ఇంట్లో చేసే వ్యాయామాన్ని సెన్సర్లు, కెమెరాలతో గమనించే ‘మోషన్ ట్రాకింగ్’ ఇప్పుడు వైద్యరంగంలో ఒక ప్రత్యేక విభాగం. ఈసీఈ, సీఎస్‌ఈ, మెకానికల్, బయోమెడికల్, ఫిజియోథెరపీ.. ఎవరికైనా ఇందులో చోటుంది. అయితే కోడ్ రాయడం ఒక్కటే వస్తే సరిపోదు. మనిషి శరీరం ఎలా కదులుతుందో కూడా తెలియాలి.

మోకీలు మార్పిడి ఆపరేషన్ ఒకటి రెండు గంటల్లో అయిపోతుంది. ఆ మోకాలు మళ్లీ మామూలుగా వంగి, మెట్లెక్కడానికి మాత్రం వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈ రెండో భాగమంతా రోగి రోజూ చేసే వ్యాయామం మీదే ఆధారపడి ఉంటుంది. పక్షవాతం వచ్చినవారికైనా, భుజం పట్టేసినవారికైనా, ప్రమాదంలో కాలు విరిగినవారికైనా అంతే.

చిక్కు ఇక్కడే వస్తుంది. ఫిజియోథెరపిస్టు రోగిని చూసేది వారానికి రెండు మూడుసార్లు, అదీ అరగంటో ముప్పావుగంటో. మిగతా సమయమంతా రోగి ఇంట్లోనే ఉంటారు. మళ్లీ వచ్చినప్పుడు ‘‘రోజూ చేస్తున్నారా అమ్మా?’’ అని అడిగితే ‘‘ఆ.. చేస్తున్నానండీ’’ అనే జవాబే వస్తుంది. ఎన్నిసార్లు చేశారు, ఎంతవరకు వంచారు, నొప్పికి భయపడి సగంలోనే ఆపేశారా? ఈ వివరాలు ఎవరి దగ్గరా ఉండవు. జిల్లా కేంద్రంలో ఆపరేషన్ చేయించుకుని యాభై కిలోమీటర్ల దూరంలోని సొంతూరికి వెళ్లిపోయిన పెద్దావిడకైతే వారానికి ఒక్కసారి రావడం కూడా గగనమే. కీలు బిగుసుకుపోయాక తెలిస్తే లాభమేంటి?

ప్రపంచవ్యాప్తంగా సుమారు 240 కోట్ల మందికి పునరావాస చికిత్సతో మేలు జరిగే ఆరోగ్య సమస్యలున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంతమంది పక్కనా ఒక ఫిజియోథెరపిస్టును కూర్చోబెట్టలేం. అందుకే రోగి ఇంట్లో చేసే కదలికను కొలిచి, దాన్ని థెరపిస్టుకు చేరవేసే సాంకేతికత కావాల్సి వచ్చింది.

గుర్రం పరుగు నుంచి ఫోన్ కెమెరా వరకు

కదలికను కొలవాలన్న ఆలోచన కొత్తదేం కాదు. 1878లో అమెరికాలోని పాలో ఆల్టోలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరుసగా కెమెరాలు పెట్టి గుర్రం పరుగును ఫొటోలు తీశారు. నాలుగు కాళ్లూ ఒకేసారి నేల మీద నుంచి లేస్తాయని ఆ ఫొటోలే చూపించాయి. నేటి నడక పరీక్షా కేంద్రాలకు, అంటే గెయిట్ ల్యాబ్‌లకు, మూలం ఆ తరహా ప్రయోగాలే.

ఇప్పుడు ప్రధానంగా మూడు పద్ధతులున్నాయి.

మొదటిది మార్కర్ల పద్ధతి. ఒంటి మీద వెలుతురును తిప్పికొట్టే చిన్న బంతులు అతికించి, గది చుట్టూ ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు పెడతారు. వైకాన్ లాంటి కంపెనీల వ్యవస్థలు ఈ కోవవే. సినిమాల్లో యానిమేషన్ పాత్రలకు ప్రాణం పోసేదీ ఇదే టెక్నాలజీ. కచ్చితత్వం బాగుంటుంది. కానీ ఖరీదెక్కువ, ప్రత్యేకమైన గది కావాలి. దీన్ని రోగి ఇంట్లో పెట్టలేం.

రెండోది ఒంటికి కట్టుకునే సెన్సర్లు. వీటిని ఐఎంయూ అంటారు. మీ ఫోన్‌ను అడ్డంగా తిప్పితే స్క్రీన్ కూడా తిరుగుతుంది కదా, అదంతా ఈ సెన్సర్ పనే. తొడకు ఒకటి, పిక్కకు ఒకటి కడితే రెండింటి వాలులో తేడాను బట్టి మోకాలు ఎంత వంగిందో తెలుస్తుంది.

మూడోది ఒంటికేమీ కట్టకుండా కెమెరాతోనే కొలవడం. మైక్రోసాఫ్ట్ 2010లో ఎక్స్‌బాక్స్ 360 గేమ్స్ కోసం తెచ్చిన కైనెక్ట్ దీనికి ఊపునిచ్చింది. అది మనిషి ఒంట్లో 20 కీళ్ల స్థానాలను గుర్తించేది. ఆటల కోసం వచ్చిన ఆ పరికరాన్ని పరిశోధకులు పునరావాస చికిత్సకు వాడుకున్నారు. తర్వాత కార్నెగీ మెలన్ యూనివర్సిటీ నుంచి ఓపెన్‌పోజ్, గూగుల్ నుంచి మీడియాపైప్ పోజ్ వచ్చాయి. మీడియాపైప్ మామూలు ఫోన్ కెమెరాతోనే శరీరంపై 33 బిందువులను గుర్తిస్తుంది. ఇది ఉచితం. మీ లాప్‌టాప్‌లో ఈ రోజే నడిపి చూడొచ్చు.

ఇంకో సంగతి గమనించండి. కైనెక్ట్ తయారీని మైక్రోసాఫ్ట్ 2017లో ఆపేసింది. 2019లో ప్రకటించిన అజ్యూర్ కైనెక్ట్ కూడా 2023లో ఆగిపోయింది. ఒక్క పరికరాన్నే నేర్చుకున్నవారికి అక్కడితో దారి మూసుకుపోయినట్లే. దాని వెనకున్న గణితం, బయోమెకానిక్స్ నేర్చుకున్నవారు మాత్రం తర్వాతి పరికరానికి సులువుగా మారిపోగలిగారు. కెరియర్ ప్లాన్ చేసుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

నిజంగా పనిచేస్తుందా?

పనిచేస్తుందనడానికి అమెరికాలో జరిగిన వెరిటాస్ అనే అధ్యయనం మంచి ఉదాహరణ. డ్యూక్ క్లినికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఆధ్వర్యంలో జరిగిన ఈ పరీక్షలో మోకీలు మార్పిడి చేయించుకున్న 306 మంది పాల్గొన్నారు. వీరిని లాటరీ పద్ధతిలో రెండు బృందాలుగా విడదీశారు. ఒక బృందానికి మామూలు ఫిజియోథెరపీ. రెండో బృందానికి ఇంట్లోనే కైనెక్ట్ కెమెరా ఆధారంగా పనిచేసే ‘వెరా’ అనే వ్యవస్థ. తెర మీద బొమ్మ వ్యాయామం చేసి చూపిస్తుంది, కెమెరా రోగి కదలికను కొలుస్తుంది, దూరంగా ఉన్న ఫిజియోథెరపిస్టు ఆ వివరాలు చూసి వ్యాయామాలు మారుస్తారు.

2020లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం మోకాలి పనితీరులో రెండో బృందం మొదటి బృందానికి తీసిపోలేదు. 12 వారాల్లో ఒక్కో రోగికి అయిన ఖర్చు సగటున 2,745 డాలర్లు తగ్గింది. మళ్లీ ఆస్పత్రిలో చేరాల్సి రావడం కూడా తక్కువగానే ఉంది.

ఇందులో ఫిజియోథెరపిస్టును తీసేయలేదన్న సంగతి మరిచిపోవద్దు. ఆయన/ఆమె చేతికి ఇంతకుముందు లేని సమాచారం అందింది, అంతే. ‘ఏఐ వస్తే ఫిజియోలకు పని ఉండదు’ అని భయపడే బీపీటీ విద్యార్థులు, ‘మా యాప్ ఉంటే డాక్టరే అక్కర్లేదు’ అని పిచ్ చేసే ఇంజినీరింగ్ విద్యార్థులు.. ఇద్దరూ ఈ విషయం ఆలోచించాలి.

అసలు కష్టం ఎక్కడుంది?

యూట్యూబ్ వీడియో చూసి గంటలో మోకాలి కోణం చూపించే ప్రోగ్రామ్ రాసేయొచ్చు. తెర మీద అంకె కనిపిస్తుంది కూడా. ఆ అంకె నిజమా కాదా అనేదే ప్రశ్న. సరిగా వంగని మోకాలిని ‘బాగానే వంగింది’ అని చూపిస్తే థెరపిస్టు వ్యాయామం పెంచరు. రోగి ఆ వారాలు పోగొట్టుకుంటారు. కాబట్టి ఈ నాలుగు సమస్యలనూ అర్థం చేసుకోండి.

డ్రిఫ్ట్: ఐఎంయూలోని గైరోస్కోప్ సెకనుకు ఎన్ని డిగ్రీలు తిరిగామో చెబుతుంది. వాటిని కూడుతూ పోతే కోణం వస్తుంది. కానీ సెన్సర్‌లో సెకనుకు 0.1 డిగ్రీ పొరపాటున్నా, నిమిషానికి 6 డిగ్రీలు, పది నిమిషాలకు 60 డిగ్రీలు తేడా వచ్చేస్తుంది. కాలు కదపకుండా కూర్చున్నా మోకాలు వంగినట్లే చూపిస్తుంది! యాక్సెలరోమీటర్‌కు ఈ డ్రిఫ్ట్ ఉండదు గానీ, కాలు ఊపిన ప్రతిసారీ రీడింగ్ చెదిరిపోతుంది. రెండింటినీ కలిపి ఒకదాని లోపాన్ని మరొకదానితో సరిదిద్దడమే సెన్సర్ ఫ్యూజన్. కాంప్లిమెంటరీ ఫిల్టర్, కాల్మన్ ఫిల్టర్ అని సిలబస్‌లో చదివి వదిలేసినవి ఇక్కడ పనికొస్తాయి.

కెమెరా ఎక్కడుంది: రోగికి సరిగ్గా పక్క నుంచి చూడాల్సిన ఫోన్‌ను 45 డిగ్రీలు ముందుకు జరిపి పెట్టారనుకుందాం. పిక్క నిటారుగా ఉండి, మోకాలు 45 డిగ్రీలు వంగితే ఆ ఫోన్‌లోని ఫ్లాట్ చిత్రం నుంచి లెక్కించిన కోణం 35 డిగ్రీలే వస్తుంది. ఇంటర్మీడియట్ త్రికోణమితితో మీరే సరిచూసుకోవచ్చు. ఇంట్లో ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి పెట్టుకునే పెద్దవాళ్లకు ‘కెమెరాను సరిగ్గా పక్కన పెట్టండి’ అని ఎలా చెప్పాలి? ఇది డిజైన్ చేసేవాళ్లు తేల్చాల్సిన ప్రశ్న.

దుస్తులు, అలవాట్లు: చీర, పంచె, లుంగీ కట్టుకుంటే మోకాలు కెమెరాకు కనిపించదు. అల్గారిదమ్ ఊహించి ఒక చుక్క పెడుతుంది, అంతే. పైగా మనవాళ్లు బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు, కింద కూర్చుని కూరగాయలు తరుగుతారు. కుర్చీలో కూర్చోవడాన్నే లక్ష్యంగా పెట్టుకుని తయారైన యాప్ ఈ అవసరాలను పట్టించుకోదు. మన ఇళ్లు తెలిసిన ఇంజినీర్లకు ఉన్న పైచేయి ఇదే.

దొంగ కదలికలు: పక్షవాతం వచ్చినవారిని బల్ల మీది గ్లాసు అందుకోమంటే చేయి చాపలేక నడుమును ముందుకు వంచి అందుకుంటారు. మణికట్టును మాత్రమే చూసే యాప్ దాన్ని ‘విజయం’గా లెక్కేస్తుంది. ఫిజియోథెరపిస్టు మాత్రం అది తప్పు పద్ధతి అని చూడగానే పట్టేస్తారు. ఏ కదలికను లెక్కించాలి, దేన్ని తప్పుగా చూపాలి అనేది థెరపిస్టు పక్కన కూర్చుంటే తప్ప కోడ్ రాసేవారికి తెలియదు.

ఎలాంటి కొలువులున్నాయి?

ముందే ఒక మాట. ‘మోషన్ ట్రాకింగ్ ఇంజినీర్’ అని జాబ్ పోర్టల్‌లో కొడితే ఫ్రెషర్లకు పెద్దగా ఏమీ కనిపించకపోవచ్చు. ఈ పని వేర్వేరు పేర్లతో విడిపోయి ఉంటుంది. అలా వెతకాలి.

ఈసీఈ, ఈఈఈ: ఎంబెడెడ్ ఫర్మ్‌వేర్, సెన్సర్ కాలిబ్రేషన్, బ్లూటూత్ లో ఎనర్జీ, బ్యాటరీ ఎక్కువసేపు నిలిచే డిజైన్. సీ భాష గట్టిగా రావాలి.

సీఎస్‌ఈ, ఏఐ: కంప్యూటర్ విజన్, పోజ్ ఎస్టిమేషన్, మొబైల్ యాప్‌లు, థెరపిస్టు చూసే డ్యాష్‌బోర్డు. పైతాన్‌తోపాటు లీనియర్ ఆల్జీబ్రా, టైమ్ సిరీస్ విశ్లేషణ ముఖ్యం.

మెకానికల్, బయోమెడికల్: బయోమెకానిక్స్, పరికరం బెల్టులు, పట్టీల డిజైన్, ల్యాబ్ పరీక్షలు. గేట్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ పేపర్ 2020 నుంచి ఉంది. ఉస్మానియా యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీలో, ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ కోర్సులున్నాయి.

బీపీటీ, ఎంపీటీ: క్లినికల్ స్పెషలిస్టు, ప్రొడక్ట్ సలహాదారు, వ్యాయామాల రూపకల్పన, వీడియోల్లో సరైన, తప్పు కదలికలను గుర్తించి లేబుల్ చేయడం, రోగులను దూరం నుంచి పర్యవేక్షించడం. 

వెరిఫికేషన్ అండ్ వాలిడేషన్, రెగ్యులేటరీ అఫైర్స్: చాలామంది విద్యార్థులకు తెలియని దారి ఇది. మన దేశంలో వైద్య పరికరాలకు మెడికల్ డివైజెస్ రూల్స్-2017 వర్తిస్తాయి. వైద్య అవసరానికి వాడే సాఫ్ట్‌వేర్ కూడా వీటి పరిధిలోకి వస్తుంది. ముప్పును బట్టి ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులుంటాయి. నాణ్యతకు ఐఎస్ఓ 13485, ముప్పు అంచనాకు ఐఎస్ఓ 14971, సాఫ్ట్‌వేర్‌కు ఐఈసీ 62304 ప్రమాణాలున్నాయి. ఇవేమిటో, ఎందుకో రెండు ముక్కల్లో చెప్పగలిగిన ఫ్రెషర్ మెడికల్ డివైజ్ ఇంటర్వ్యూలో ప్రత్యేకంగా కనిపిస్తారు. రోగి వీడియోలు, ఆరోగ్య వివరాలు చేతిలో ఉంటాయి కాబట్టి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం-2023 గురించి కూడా చదువుకోండి.

ఇక ఎక్కడ? అంతర్జాతీయంగా పోర్చుగల్‌లో పుట్టిన స్వోర్డ్ హెల్త్, అమెరికాకు చెందిన హింజ్ హెల్త్ ఈ రంగంలో పెద్ద పేర్లు. హింజ్ హెల్త్ 2025లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో లిస్టయింది. ఒంటికి కట్టుకునే సెన్సర్లలో నెదర్లాండ్స్‌కు చెందిన ఎక్స్‌సెన్స్ పాతకాపు. మన దగ్గర ఐఐటీ హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ హెల్త్‌కేర్ ఆంత్రప్రెన్యూర్‌షిప్ వైద్య పరికరాల స్టార్టప్‌లు పెట్టాలనుకునేవారికి ఫెలోషిప్ ఇస్తుంది. చేతి కదలిక కోల్పోయినవారితో ఆటల రూపంలో వ్యాయామం చేయించే ‘ఆర్మ్‌ఏబుల్’ను తయారుచేసిన బీఏబుల్ హెల్త్ అక్కడి నుంచి వచ్చిందే. ఐఐటీ మద్రాస్‌లోని ఆర్2డీ2 కేంద్రం పునరావాస పరికరాల పరిశోధనకు పేరుపొందింది. విశాఖలో ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్, సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో మెడికల్ డివైజెస్ పార్క్ ఉన్నాయి. సొంత ఆలోచన ఉన్నవారికి బైరాక్ వారి బయోటెక్నాలజీ ఇగ్నిషన్ గ్రాంట్ కింద రూ.50 లక్షల వరకు నిధులు దక్కే అవకాశముంది.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఇలా చేయండి

‘ఐఓటీ బేస్డ్ రీహాబిలిటేషన్ మానిటరింగ్’ లాంటి టైటిళ్లతో రెడీమేడ్ ప్రాజెక్టులు అమీర్‌పేటలో కొనుక్కోవచ్చు. వైవా గట్టెక్కుతుందేమో గానీ ఇంటర్వ్యూ గట్టెక్కదు. ‘ఎంత ఎర్రర్ వచ్చింది? ఎలా కొలిచారు?’ అని అడిగితే కొన్న ప్రాజెక్టు దగ్గర సమాధానం ఉండదు. ఆ సమాధానం మీ దగ్గర ఉండాలంటే ఇలా చేయొచ్చు.

ఒక ఈఎస్‌పీ32 బోర్డు, రెండు ఎంపీయూ-6050 సెన్సర్లు తీసుకోండి. అన్నీ కలిపినా పెద్ద ఖర్చు కాదు. ఒక సెన్సర్‌లో ఏడీ0 పిన్‌ను హైలో పెడితే దాని అడ్రస్ మారుతుంది కాబట్టి రెండూ ఒకే ఐ2సీ లైన్ మీద పనిచేస్తాయి. ఒకటి తొడకు, మరొకటి పిక్కకు కట్టండి. ముందు గైరోతోనే కోణం లెక్కించి డ్రిఫ్ట్ ఎలా పెరుగుతుందో గ్రాఫ్ గీయండి. తర్వాత కాంప్లిమెంటరీ ఫిల్టర్ పెట్టి తేడా చూపించండి. అదే సమయంలో ఫోన్ కెమెరా, మీడియాపైప్‌తో కూడా కొలవండి.

ఇప్పుడు అసలు పని. ఫిజియోథెరపిస్టులు కీళ్ల కోణం కొలవడానికి గోనియోమీటర్ వాడతారు. జామెట్రీ బాక్సులోని కోణమానినికి రెండు పొడవాటి చేతులు తగిలించినట్లుంటుంది. మీ ఊళ్లోని ఫిజియోథెరపీ కాలేజీ విద్యార్థి ఒకరిని టీమ్‌లో చేర్చుకోండి. ఆరోగ్యంగా ఉన్న పదిమంది స్నేహితుల మీద 30, 60, 90 డిగ్రీల దగ్గర మూడేసిసార్లు గోనియోమీటర్‌తో, మీ పరికరంతో కొలవండి. రోగుల మీద ప్రయోగం మాత్రం సొంతంగా చేయొద్దు. దానికి సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి.

ఫలితాలు రాసేటప్పుడు ‘కోరిలేషన్ 0.99 వచ్చింది’ అని సంబరపడొద్దు. ప్రతిసారీ 15 డిగ్రీలు ఎక్కువ చూపించే పరికరానికి కూడా కోరిలేషన్ అంతే వస్తుంది! సగటు తేడా ఎంత, ఆ తేడా ఎంత మేర అటూఇటూ అవుతోంది అనేది చూపించాలి. దీనికి బ్లాండ్-ఆల్ట్‌మన్ ప్లాట్ వాడతారు. 1986లో లాన్సెట్‌లో వచ్చిన ఈ పద్ధతి వైద్య కొలతల రంగంలో నేటికీ ప్రామాణికం. ఎక్సెల్‌లోనే గీసేయొచ్చు.

చివరగా మీ పరికరం ఎక్కడ విఫలమైందో ఒక పేజీ రాయండి. పట్టీ జారితే ఎంత తేడా వచ్చింది, లుంగీ కట్టుకుంటే కెమెరా ఏం చేసింది, వెలుతురు తగ్గితే ఏమైంది? ఈ పేజీని దాచుకోవాల్సిన పనిలేదు, రెజ్యూమెతో పాటు పంపండి. వైద్య పరికరాల కంపెనీల్లో టెస్టింగ్ బృందాలు రోజంతా వెతికేది ఇలాంటి వైఫల్యాలనే.

ఈ సెమిస్టర్‌లో మొదలుపెట్టేందుకు..

మొదటి నెల: మోకాలు, భుజం కదలికల ప్రాథమిక బయోమెకానిక్స్ చదవండి. ఎన్‌పీటెల్‌లో ఉచిత కోర్సులు దొరుకుతాయి. మీడియాపైప్ నడిపి చూడండి.

రెండో నెల: అనుమతి తీసుకుని దగ్గర్లోని ఫిజియోథెరపీ విభాగంలో రెండు మూడు రోజులు కూర్చోండి. థెరపిస్టు ఏం చూస్తున్నారు, ఏం రాసుకుంటున్నారు, దేనికి ఎక్కువ సమయం పోతోంది అని గమనించండి. ‘టైమ్డ్ అప్ అండ్ గో’ పరీక్ష చూపించమని అడగండి. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి ఎంత సమయం పట్టిందో చూసే ఈ పరీక్షకు స్టాప్‌వాచ్ చాలు. సెన్సర్ పెడితే లేవడానికి ఎంత, తిరగడానికి ఎంత అని విడివిడిగా చెప్పగలం. ఇదే ఒక మంచి ప్రాజెక్టు అంశం కూడా.

మూడో నెల: పైన చెప్పిన ప్రయోగం చేసి, కోడ్, డేటా, ఫలితాలను గిట్‌హబ్‌లో పెట్టండి. స్నేహితుల ముఖాలు కనిపించే వీడియోలు మాత్రం పెట్టొద్దు. వాళ్ల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, పేర్లకు బదులు నంబర్లు వాడండి. రోగుల సమాచారాన్ని ఎలా చూసుకోవాలో ఆ అలవాటు ఇప్పటి నుంచే మొదలవుతుంది.